రెండు కండెలు: మూర్ఛ మందు దుష్ప్రభావాలపై ఒక కేసు

ఆ తల్లి సంచిలోంచి నూలు చుట్టిన రెండు కండెలు తీసి నా టేబుల్ మీద పెట్టింది. జంపఖానాలు నేసే ఇల్లు వాళ్ళది, వరంగల్ కొత్తవాడలో. భర్త మగ్గం మీద కూర్చుంటాడు, కూతురు కండెలు చుడుతుంది. ఒక కండె గట్టిగా, మొదలు నుంచి చివర దాకా ఒకే మందంతో ఉంది. రెండోది వదులుగా, ఒక వైపు ఉబ్బి, వేలు తగిలితే చాలు పోగు జారిపోయేలా ఉంది.

"ఇది నెలన్నర కింద చుట్టింది, డబ్బా అడుగున మిగిలింది. ఇది నిన్న చుట్టింది. మీరే చూడండి మేడమ్" అంది.

పక్కన కుర్చీలో కూతురు కూర్చుని ఉంది. 22 ఏళ్ళు, బరువు 44 కిలోలు. లోపలికి వచ్చేటప్పుడు రెండు చేతులతో గోడ పట్టుకుని వచ్చింది. ఏళ్ళ తరబడి మెదడు స్కాన్లు చూస్తున్నాను. చేతులను, నడకను అదుపులో ఉంచే చిన్నమెదడు పని చెదిరిందని ఇంత స్పష్టంగా చూపిన ఆధారం మాత్రం నాకు ఎప్పుడూ దొరకలేదు. అది తెచ్చింది కూడా బడి మధ్యలో మానేసిన ఒక తల్లి.

ఆ అమ్మాయి, ఆమె తల్లి ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. మందుల సంగతి, నా పొరపాటు సంగతి మాత్రం మార్చలేదు.

మొదటి ఫిట్స్ ఆమెకు 14వ ఏట వచ్చాయి. కుడి చేయి కొట్టుకోవడంతో మొదలై ఒళ్ళంతా పాకాయి. అప్పటి సీటీ స్కాన్‌లో మెదడు ఎడమ వైపు ముందు భాగంలో చిన్న కాల్షియం మచ్చ కనిపించింది. బద్దెపురుగు గుడ్డు కడుపులోకి వెళ్ళి, దాని పిల్ల మెదడుకు చేరి, ఎండిపోయి మిగిల్చే మచ్చ అది. మన దేశంలో మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. "మేం పంది మాంసం ముట్టనే ముట్టం" అని ఆ తల్లి అప్పుడు ఎన్నోసార్లు అందట. ముట్టనవసరం లేదు. శుభ్రంగా కడగని చేతులు, నీళ్ళు, పచ్చి కూరగాయలు చాలు. ఆ ఇంటి తప్పేమీ లేదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిదేళ్ళు ఆ నేరభావం మోశారు.

అప్పుడే ఫెనిటాయిన్ 300 మిల్లీగ్రాములు రాత్రి పూట మొదలుపెట్టారు. 1938 నుంచి వాడుకలో ఉన్న మందు. చవక, చిన్న ఊళ్ళలోనూ దొరుకుతుంది, ఈ రకం మూర్ఛకు బాగా పనిచేస్తుంది. ఆమెకూ పనిచేసింది. ఏళ్ళపాటు ఫిట్స్ లేవు.

నా దగ్గరకు మొదటిసారి వచ్చింది డిసెంబరు మొదటి వారంలో. నెలలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, రెండోసారి నాలుక కొరుక్కుంది. "గోళీలు రోజూ వేసుకుంటున్నావా?" అని అడిగాను. తల్లి "వేసుకుంటోంది మేడమ్" అంది. ఆ అమ్మాయి తల దించుకుంది. ఆ రోజు బయట నలభై మంది ఉన్నారు. 300 సరిపోవడం లేదనుకుని 400 చేశాను. చీటీ రాసి పంపడానికి ఏడు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఆ ఏడు నిమిషాల్లో నేను చేయనివి రెండు. ఆమె బరువు చూసి లెక్క వేయలేదు. ఫెనిటాయిన్ మామూలుగా కిలో బరువుకు నాలుగైదు మిల్లీగ్రాముల చొప్పున ఇస్తాం. 44 కిలోలకు దాదాపు 200. పాత 300 ఆమెకు అప్పటికే ఎక్కువ, నేను దాన్ని కిలోకు తొమ్మిదికి చేర్చాను. రెండోది ఇంకా పెద్దది: ఆమె తల ఎందుకు దించుకుందో అడగలేదు.

తరువాతి అయిదు వారాలు ఇంట్లో ఏం జరిగిందో వాళ్ళ మాటల్లోంచి ఏరుకున్నాను. ఫిట్స్ మళ్ళీ వచ్చాయన్న భయంతో తల్లి ప్రతి రాత్రీ తన చేత్తో గోళీలు వేసి, మింగిందో లేదో నోరు తెరిపించి చూసింది. రెండో వారానికి కళ్ళు తిరగడం మొదలైంది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో తలతిరుగుడు గోళీలు ఇచ్చారు. తగ్గలేదు. మూడో వారానికి మాట ముద్దగా వస్తోంది. నాలుగో వారంలో వాకిట్లో నీళ్ళ బిందెతో పడిపోయింది. తండ్రి ఒకనాడు కోపంగా "కల్లు తాగావా?" అని అడిగాడట. ఆ మాట తలచుకుని ఆయన నా ముందు ఏడ్చాడు.

పరీక్షలో అన్నీ తేటతెల్లంగా ఉన్నాయి. పక్కకు చూడమంటే కళ్ళు నిలవకుండా లాగి లాగి కొట్టుకుంటున్నాయి. నా వేలు ముట్టి తన ముక్కు ముట్టమంటే ఆమె వేలు గమ్యం దాటి చెంపకు తగిలింది. ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ ఆనించి నడవమంటే ఒక్క అడుగు కూడా పడలేదు. రాత్రి గోళీకి ముందు రక్తం తీసి పంపాం. ఫెనిటాయిన్ స్థాయి 34 వచ్చింది. ఉండవలసింది 10 నుంచి 20 మధ్య. 20 దాటితే కళ్ళు కొట్టుకుంటాయి, 30 దాటితే నడక తూలుతుంది, 40 దాటితే మత్తు, అయోమయం. రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ 3 మాత్రమే ఉంది. ఈ మందు చాలా మటుకు అల్బుమిన్‌కు అంటిపెట్టుకుని తిరుగుతుంది. అది తక్కువైనప్పుడు విడిగా తిరిగే మందు పెరిగి, మెదడు మీద ఆ 34 అంకె చెప్పేదానికంటే ఎక్కువ ప్రభావం పడుతుంది.

వార్డులో చేర్చుకున్నాం. 300ను 400 చేస్తే మూడో వంతే కదా పెరిగింది, ఇంతలా ఎందుకు ముదిరింది? తండ్రి అడిగిన ప్రశ్న ఇది, సరైన ప్రశ్న. ఆయనకు ఏనుమాముల మార్కెట్‌తో పోల్చి చెప్పాను. మిర్చి సీజన్‌లో కాంటాలన్నీ ఖాళీ లేకుండా తూస్తున్నప్పుడు మరో పది బండ్లు వస్తే ఏమవుతుంది? ఆ పది బండ్లే ఆగవు, వెనక వచ్చేవన్నీ రోడ్డు దాకా నిలిచిపోతాయి. ఫెనిటాయిన్‌ను విరిచే కాలేయ ఎంజైముకు కాంటాల లాగే ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటాక మోతాదు కొద్దిగా పెంచినా రక్తంలో స్థాయి దానికి పొంతన లేనంతగా లేస్తుంది. అందుకే హద్దు దగ్గర 100 కాదు, 25, 30 చొప్పున పెంచాలి.

అయినా లెక్క పూర్తిగా కుదరలేదు. ఆ మిగిలిన సగం మూడో రోజు తెలిసింది.

మధ్యాహ్నం తల్లి భోజనానికి ఇంటికి వెళ్ళింది. మాట కొంచెం తేరుకుంది. నర్సు ఏదో అంటే ఆ అమ్మాయి నవ్వింది, నవ్వుతూ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. డిసెంబరులోనూ అలాగే పెట్టుకుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గనుకుని వదిలేశాను. ఈసారి మంచం మీద కూర్చుని, "నోరు చూపించమ్మా" అన్నాను. చిగుళ్ళు పళ్ళ మీదికి సగం దాకా పెరిగి వచ్చాయి, ఎర్రగా, మెత్తగా. పై పెదవి మీద, చెంపల పక్కన నూగు ముదిరి నల్లబడింది. రెండూ ఫెనిటాయిన్ చేసేవే, ప్రతి వైద్య విద్యార్థి పరీక్షలో రాసేవే.

"ఇంటర్ రెండో సంవత్సరంలో మీసాలు అని పిలిచారు మేడమ్" అంది. "అప్పటినుంచి వారానికి ఒకటి మానేశాను. ఏమీ కాలేదు. తరవాత రోజు విడిచి రోజు."

మానేసిన గోళీలు కండెల డబ్బాలో, నూలు కింద దాచేది.

అప్పుడు లెక్క కుదిరింది. రోజూ 300 వేసుకుంటోందని నేను అనుకున్న మనిషి కడుపులోకి వారానికి వెయ్యి మిల్లీగ్రాముల చిల్లరే వెళ్తోంది. ఫిట్స్ తిరిగి వచ్చింది అందుకే, రాసిన మోతాదు చాలక కాదు. నేను 400 రాసిన మర్నాటి నుంచి తల్లి కాపలాతో వారానికి 2800 వెళ్ళాయి. కాగితం మీద మూడో వంతు పెంపు, ఒంట్లో రెండున్నర రెట్లు పైన. మందుకు లొంగని మూర్ఛ అని మనం పేరు పెట్టే కేసుల్లో మందు మింగలేక ఆగిపోయిన మనుషులు ఎందరు ఉన్నారో అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆమెది నిర్లక్ష్యం కాదు. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్ల ఫిట్స్‌ను, ముఖాన్ని రెండు తక్కెడల్లో పెట్టి, ఎవరి సలహా లేకుండా ఒంటరిగా తూచుకుంది. ఆమె ఎదురుగా కూర్చున్న మేమంతా ఎనిమిదేళ్ళపాటు "ఫిట్స్ వచ్చాయా?" అన్న ఒక్క ప్రశ్నే అడిగాం.

చికిత్స విషయానికి వస్తే, ఫెనిటాయిన్ వెంటనే నిలిపాం. రక్తంలో స్థాయి అంత ఎక్కువగా ఉన్నప్పుడు అది దానంతట అదే రోజుల తరబడి దిగుతుంది కాబట్టి నిలపగలిగాం. స్థాయి మామూలుగా ఉన్నవాళ్ళు ఈ పని ఇంట్లో చేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. స్థాయి 14కు దిగాక 200తో మళ్ళీ మొదలుపెట్టి, నాలుగు వారాల్లో తగ్గిస్తూ ఆపేశాం. ఈలోగా లెవిటిరాసెటమ్ అనే మరో మూర్ఛ మందు 500 రెండు పూటలా, అండగా రాత్రి క్లోబజామ్ 10 ఇచ్చాం. నడక పదిహేను రోజుల్లో చక్కబడింది. విటమిన్ డి స్థాయి 9 ఉంది. ఫెనిటాయిన్ ఎముకల మీద చేసే పని అది, దానికి డి విటమిన్, కాల్షియం మొదలుపెట్టాం.

లెవిటిరాసెటమ్ ఎందుకంటే అది ఎక్కువగా మూత్రపిండాల ద్వారా పోతుంది, కాలేయంలో ఇతర మందులతో తగవు పడదు, త్వరగా పెంచవచ్చు. వాల్‌ప్రోయేట్ చవకగా దొరుకుతుంది కదా అని ఒక జూనియర్ డాక్టర్ అడిగాడు. పిల్లలను కనే వయసు ఆడవాళ్ళకు వేరే దారి ఉండగా అది రాయకూడదు. గర్భంలో ఆ మందు తగిలిన పిల్లలు 100 మందిలో 10 మందికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయి. బరువు పెరగడం, జుట్టు ఊడడం, నెలసరి తప్పడం వీటికి అదనం. మీసాలు అన్న మాటకే మందు దాచుకున్న పిల్లకు అది ఎలా ఇవ్వగలను?

మార్చి రెండో వారంలో తల్లి ఒక్కతే వచ్చింది. ఫిట్స్ లేవు, నడక బాగుంది. "కానీ నా బిడ్డ నా బిడ్డ కాకుండా పోయింది మేడమ్." కంచం విసిరింది. తండ్రిని నోటికి వచ్చినట్టు తిట్టింది. అన్నీ అయ్యాక రాత్రంతా ఏడ్చింది. గాలి సోకిందని ఎవరో అంటే తాయెత్తు కట్టించారు. తాయెత్తు తీయమని నేను చెప్పలేదు. అది కట్టిన చేతుల్లో ప్రేమ ఉంది. కారణం మాత్రం గాలి కాదు, నేను రాసిన గోళీ అని చెప్పి, కూతురిని ఆ సాయంత్రమే తీసుకురమ్మన్నాను.

వచ్చాక తల్లిని బయట కూర్చోబెట్టి ఆమెతో విడిగా మాట్లాడాను. "చిన్న మాటకే లోపల మంట లేస్తుంది. అది నా కోపం కాదని నాకే తెలుస్తుంది మేడమ్, ఆపుకోలేను" అంది. లెవిటిరాసెటమ్ వల్ల కొందరిలో వచ్చే చిరాకు గురించి ఇంతకంటే బాగా చెప్పిన మాట నేను ఏ పాఠంలోనూ చదవలేదు. చచ్చిపోవాలని అనిపించిందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని డాక్టర్లలో కూడా కొందరు భయపడతారు. అది నిజం కాదు. ఆమె చాలాసేపు ఊరుకుని, రెండుసార్లు అనిపించిందని చెప్పింది. ఎలా అన్నది ఆలోచించలేదంది. ఆమె ఒప్పుకున్నాక తల్లిదండ్రులకు చెప్పాను. కొన్ని వారాలు ఒంటరిగా వదలవద్దని, మందుల డబ్బా తల్లి దగ్గరే ఉంచాలని, రాత్రివేళ భయమనిపిస్తే ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలని రాసిచ్చాను. ఆసుపత్రిలో మా మానసిక వైద్యుడు కూడా చూశారు.

బి6 విటమిన్ ఇస్తే ఈ చిరాకు తగ్గుతుందని చాలామంది ఇస్తారు. కొందరిలో తగ్గడం నేనూ చూశాను, కానీ దానికున్న ఆధారం బలమైనది కాదు. చచ్చిపోవాలనిపించిందని చెప్పిన మనిషి విషయంలో విటమిన్ పనిచేస్తుందేమోనని ఎదురుచూడడం నాకు ఇష్టం లేదు. అప్పటికే ఆపేసిన క్లోబజామ్‌ను తిరిగి అండగా పెట్టి, లెవిటిరాసెటమ్‌ను సగానికి తగ్గించి, లామోట్రిజిన్ అనే ఇంకో మూర్ఛ మందు మొదలుపెట్టాను.

లామోట్రిజిన్‌కు ఓపిక కావాలి. ఆమెకు రోజుకు 25 రెండు వారాలు, 50 రెండు వారాలు, ఆ తరువాత రెండేసి వారాలకు 50 చొప్పున పెంచి 100 రెండు పూటలకు చేర్చాం. తొందరపడి పెంచితే చర్మం, నోరు, కళ్ళు పుండ్లు పడే ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. ముఖ్యంగా మొదటి ఎనిమిది వారాలు జాగ్రత్త. దద్దు కనిపిస్తే గోళీ వేసుకోకుండా అదే రోజు రావాలని ఇంట్లో అందరికీ చెప్పాను. ఏప్రిల్ మూడో వారంలో మిట్టమధ్యాహ్నం ఆటోలో పరుగెత్తుకుంటూ వచ్చారు, మెడ మీద, వీపు మీద ఎర్రటి పొక్కులు. జ్వరం లేదు, నోట్లో పుండ్లు లేవు, కళ్ళు తేటగా ఉన్నాయి, బట్ట అంటుకునే చోటే ఉన్నాయి. చెమటకాయలు. ఏప్రిల్‌లో రేకుల షెడ్డులో రాట్నం ముందు కూర్చుంటే ఎవరికైనా వస్తాయి. ఊరికే వచ్చాం అని తండ్రి నొచ్చుకున్నాడు. ఆ రోజు వాళ్ళు రావడం నాకు ఎంత తృప్తినిచ్చిందో ఆయనకు చెప్పాను. దాచుకునే ఇల్లు ఇప్పుడు చూపించుకునే ఇల్లయింది.

జూన్ నాటికి లెవిటిరాసెటమ్ పూర్తిగా ఆపాం, జూలైలో క్లోబజామ్. కోపం లెవిటిరాసెటమ్ తగ్గించిన పది రోజులకే మెత్తబడింది. చచ్చిపోవాలన్న ఆలోచన మళ్ళీ రాలేదని ఆమే చెప్పింది. లామోట్రిజిన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదంటే రెండో గోళీని తొమ్మిది గంటల నుంచి సాయంత్రం ఆరుకు జరిపాం, సరిపోయింది. చిగుళ్ళు ఆరు నెలల్లో చాలావరకు వెనక్కి తగ్గాయి. మిగిలినదాన్ని దంత వైద్యురాలు కోసి సరిచేశారు. ముఖం మీది వెంట్రుకలు మాత్రం పూర్తిగా పోలేదు. అవి అంత త్వరగా పోవు, కొందరిలో పోనే పోవు. అది ముందే చెప్పాను, చర్మ వైద్యుల దగ్గరకు పంపాను.

ఈ కేసు తరువాత నా గదిలో ప్రశ్నలు మారాయి. "గోళీలు వేసుకుంటున్నారా?" అని అడగడం మానేశాను. దానికి జవాబు ఒక్కటే వస్తుంది. "గోళీలు అందరికీ తప్పుతుంటాయి, పోయిన వారంలో మీకు ఎన్ని తప్పాయి?" అంటే వేళ్ళు మడిచి లెక్కపెడతారు. ఫిట్స్ సంగతి అయ్యాక నడక, నిద్ర, కోపం, చిగుళ్ళు, జుట్టు, బరువు, నెలసరి, ఒక్కొక్కటి పేరు పెట్టి అడుగుతాను. పేరు పెట్టకుండా "ఇంకేమైనా ఇబ్బందా?" అంటే ఏమీ లేదంటారు. భూపాలపల్లి నుంచి వచ్చే ఒక విశ్రాంత గని కార్మికుడు మతిమరుపు పెరిగిందని వచ్చాడు. వయసు మీద పడిందని ఇంటివాళ్ళు సర్దుకున్నారు. మూర్ఛకు కార్బమజెపిన్, రక్తపోటుకు మూత్రం ఎక్కువ పోయేలా చేసే గోళీ, రెండూ సోడియం తగ్గించేవే. రక్తంలో సోడియం 119. సరిచేశాక మనవడి పేరు తప్పులేకుండా పిలిచాడు. మిగతా గోళీల సంచి మొత్తం టేబుల్ మీద బోర్లించమని అప్పటినుంచి అందరినీ అడుగుతున్నాను.

కొత్తవాడ అమ్మాయికి దసరా తరువాత సంబంధం వచ్చింది. జనగామ దగ్గరి కుటుంబం. మూర్ఛ ఉందని చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ. ఒక పెద్దాయన, చెప్పకపోతే రేపు పెళ్ళి చెల్లదని కోర్టుకు వెళ్తారని భయపెట్టాడట. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అలా చూపిన మాటను 1999లోనే తీసేశారని చెప్పాను. కానీ నిర్ణయం చట్టంతో తీరేది కాదు. దాచిపెట్టిన గోళీ ఎటు తీసుకెళ్తుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. తానే అబ్బాయికి ఫోన్‌లో చెప్పింది. అబ్బాయి తల్లి ఇంకా ఆలోచిస్తున్నారు. ఈలోగా ఫోలిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు ఇప్పటినుంచే ఇస్తున్నాం. గర్భం వస్తే లామోట్రిజిన్ స్థాయి రక్తంలో పడిపోతుంది, మోతాదు పెంచాల్సి వస్తుంది కాబట్టి నెల తప్పిన వెంటనే రావాలి. పిల్లలు ఇప్పుడే వద్దనుకుని గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాలన్నా ముందు నాకు చెప్పాలి, వాటిలోని ఈస్ట్రోజెన్ కూడా ఈ మందును తగ్గిస్తుంది. ఇవన్నీ ఆమె ఒక నోటుబుక్కులో రాసుకుంది.

పోయిన వారం వచ్చినప్పుడు చున్నీ భుజం మీదే ఉంది. ఆ నోటుబుక్కు తెరిచి ఒక ప్రశ్న చూపించింది. ఇంటిల్లిపాదీ మేడారం వెళ్తున్నారు. సాయంత్రం ఆరు గంటలకు జనంలో ఎక్కడ ఉంటుందో తెలియదు, నిద్ర కూడా సరిగ్గా ఉండదు, ఏం చేయాలి? రెండు రోజుల గోళీలు నీ దగ్గర, మరో రెండు రోజులవి అమ్మ కొంగున, ఫోన్‌లో ఆరు గంటలకు అలారం, రాత్రి కనీసం అయిదారు గంటల నిద్ర, జంపన్నవాగులో ఒంటరిగా దిగకు, పక్కన ఎవరైనా చేయి పట్టుకుని ఉండాలి అన్నాను. రాసుకుని, "ఆలస్యమైతే?" అంది. గుర్తొచ్చిన వెంటనే వేసుకో, పొద్దుటి గోళీ వేళ దగ్గరపడితే మాత్రం రెండు కలిపి వేసుకోకు, ఎన్ని తప్పాయో వచ్చాక నాకు చెప్పు అన్నాను.